మా వాణ్ణి పోలీసులకు పట్టించమంటారా?

ప్రశ్న: మాది కర్నూలు. నేను ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. మా ఆయన లారీ డ్రైవరు, నెలలో సగం రోజులు రోడ్డు మీదే. ఒక్కడే కొడుకు. పంతొమ్మిదేళ్లు, డిగ్రీ రెండో సంవత్సరం. ఆరు నెలలుగా మనిషి మారిపోయాడు. మధ్యాహ్నం దాకా నిద్ర, రాత్రి పన్నెండైనా ఇల్లు చేరడు. కుట్టు డబ్బుల్లోంచి రెండొందలు, మూడొందలు మాయమవుతున్నాయి. పోయిన వారం చొక్కా ఉతుకుతుంటే జేబులో సన్నటి కాగితాల ప్యాకెట్టు, నాలుగైదు గింజలు దొరికాయి. మిరియాలు కావు, ధనియాలు కావు. నిలదీస్తే గంజాయి అని ఒప్పుకున్నాడు. వాడితో తిరిగే ఇద్దర్ని ఈ మధ్యే పోలీసులు పట్టుకెళ్లారట. మా తమ్ముడేమో "తెలిసిన ఎస్సై ఉన్నాడు, ఒక రాత్రి స్టేషన్లో కూర్చోబెట్టి రెండు తగిలిస్తే దారికొస్తాడు" అంటాడు. తెలిసినవాళ్లు హైదరాబాద్ వైపు ఏదో సెంటర్ చెప్పారు. ఫోన్ చేస్తే నలుగురు బండేసుకొచ్చి ఎత్తుకుపోతారట, మూడు నెలలు, నెలకు పద్దెనిమిది వేలు. మా ఆయన బెంగళూరులో పనికి పంపేద్దామంటాడు. ఆసుపత్రికి పోదామంటే పేరు పోలీసులకు పోతుందని, రేపు ఉద్యోగం రాదని నా భయం. గంజాయిని ఉక్కుపాదంతో అణిచేస్తున్నామని సర్కారు రోజూ చెబుతోంది కదా, మరి మా వాడికి ఎట్లా దొరుకుతోంది? మా వాణ్ణి పట్టించమంటారా, దాచమంటారా? - పేరు వద్దు

సమాధానం:

అమ్మా,

పట్టించొద్దు. దాచొద్దు కూడా. ఆసుపత్రికి తీసుకెళ్లండి, ఈ వచ్చే సోమవారమే. మీవాళ్లందరూ కలిసి మూడు దారులు చెప్పారు కానీ, చట్టం చూపించే దారి మాత్రం ఎవరూ చెప్పలేదు. చెప్పకపోవడంలో వాళ్ల తప్పు లేదు. ఆ దారి గురించి గోడల మీద ఎవరూ రాయరు.

ముందు ఆ గింజల సంగతి చెప్పేస్తాను, ఎందుకంటే వాటిని చూసే మీరు ఎక్కువ భయపడినట్టున్నారు. మన చట్టంలో గంజాయి అంటే ఆ మొక్క పూత, కాయ పట్టిన కొసలు. వాటితో కలవకుండా విడిగా ఉన్న ఆకులు, గింజలు గంజాయి కిందికి రావు. ఉత్తరాదిలో కొన్నిచోట్ల సర్కారు లైసెన్సుతోనే భంగు దుకాణాలు నడవడం ఈ సందులోంచే. అందుకని ఆ నాలుగు గింజలకే ఎవరూ మీ వాణ్ణి జైల్లో వేయరు. పొట్లంలో పొడితోపాటు వచ్చినవి అవి, చుట్టుకునేటప్పుడు ఏరి జేబులో వేసుకుని ఉంటాడు. అంటే పొట్లాలు కొంటున్నాడు, తనే చుట్టుకుంటున్నాడు. ఎవరో ఒకసారి చేతికిస్తే పీల్చిన బాపతు కాదు. మీరు ఆలోచించాల్సింది దాని గురించి.

ఇక కేసు మాట. అందరూ ఎన్డీపీఎస్ కేసు అంటారే, ఆ మాదకద్రవ్యాల చట్టం 1985లో వచ్చింది. వచ్చిన కొత్తలో దానికి పెద్ద, చిన్న తేడా పెద్దగా తెలియదు, అందర్నీ ఒకే గాటన కట్టేది. 2001లో సవరించి సరుకు బరువును బట్టి శిక్ష పెట్టారు. గంజాయికైతే కిలో దాకా చిన్న మొత్తం, ఇరవై కిలోలు దాటితే వ్యాపార మొత్తం. వ్యాపార మొత్తంతో దొరికితే పదేళ్లకు తగ్గని జైలు, ఇరవై ఏళ్ల దాకా పోవచ్చు, బెయిలు దొరకడం గగనం. కిలోకీ ఇరవై కిలోలకీ మధ్యయితే పదేళ్ల దాకా. చిన్న మొత్తం దగ్గరుంటే ఏడాది వరకు జైలు, లేదా పదివేల వరకు జరిమానా, లేదా రెండూ. దగ్గర సరుకు లేకుండా కేవలం తాగినందుకైతే 27వ సెక్షన్, గంజాయికి ఆరు నెలల వరకు జైలు లేదా పదివేల వరకు జరిమానా, లేదా రెండూ. మీ వాడు నిలబడింది ఈ చివరి మెట్ల మీద.

ఈ చట్టంలోనే 64ఏ అని ఒక సెక్షన్ ఉంది. నేను అనంతపురం కోర్టులో పాతికేళ్లు నల్లకోటు వేసుకున్నదాన్ని. ఆ సెక్షన్ పేరెత్తిన తల్లిదండ్రుల్ని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందులో ఉన్నదిది. వ్యసనానికి లోబడినవాడి మీద తాగిన కేసు గానీ, చిన్న మొత్తం కేసు గానీ పడినా, వాడంతట వాడు ప్రభుత్వ ఆసుపత్రికో, ప్రభుత్వం గుర్తించిన కేంద్రానికో వెళ్లి చికిత్స తీసుకుంటే ఆ నేరానికి వాణ్ణి ప్రాసిక్యూట్ చేయకూడదు. చికిత్స మధ్యలో వదిలేస్తే ఈ రక్షణ తీసేయొచ్చు. 39వ సెక్షన్ ఇంకో అడుగు వేస్తుంది. నేరం రుజువయ్యాక కూడా, వాడు ఒప్పుకుంటే, జైలుకు పంపకుండా బాండు రాయించుకుని చికిత్సకు పంపే అధికారం కోర్టుకు ఉంది.

వినడానికి బాగుంది కదా. కానీ తలుపు ఇరుకు. 'వాడంతట వాడు' అన్న మాట ఒకటుంది, 'ప్రభుత్వం గుర్తించిన' అన్న మాట ఇంకొకటి. నలుగురు ఎత్తుకుపోయి బోర్డు లేని ఇంట్లో మూడు నెలలు తాళం వేస్తే ఆ రెండింట్లో ఏదీ మిగలదు. ఇంకో చిత్రం కూడా ఉంది. ఈ రక్షణ 64ఏ ఇచ్చింది బానిసైనవాడికి. సరదాకి ఒక్కసారి పీల్చి దొరికిన కుర్రాడికి ఆ మాట వర్తించదు. రోజూ తాగేవాడికి ఒక దారి చూపించి, ఒక్కసారి తాగినవాణ్ణి వాకిట్లో నిలబెట్టిన చట్టమిది. ఇన్నేళ్లయినా దీన్ని ఎవరూ సరిచేయలేదు.

అందుకే కాగితం ముఖ్యం అంటాను. ఈ రోజు మీ వాడి మీద ఏ కేసూ లేదు. వాడు తన కాళ్ల మీద నడిచి పెద్దాసుపత్రికి పోయి, తన పేరుతో ఓపీ చీటీ రాయించుకుంటే ఆ చీటీ మీద తేదీ పడుతుంది. రేపు ఆ ఇద్దరు స్నేహితుల ఫోన్లలోంచి మీ వాడి నంబరు బయటికొచ్చి, స్టేషన్ నుంచి కబురొస్తే, అంతకుముందే చికిత్స మొదలుపెట్టినవాడిగా నిలబడతాడు. పట్టుబడ్డాక పరిగెత్తినవాడి చీటీకీ దీనికీ జడ్జి దగ్గర చాలా తేడా ఉంటుంది.

మీ తమ్ముడి ఉపాయం గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి, ఏమనుకోవద్దనండి. ఒక రాత్రి స్టేషన్లో ఊరికే కూర్చోబెట్టడం, రెండు తగిలించడం అనే పద్ధతి ఏ చట్టంలోనూ లేదు. కేసు ఉంటే అరెస్టు చేసి ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. కేసు లేకపోతే ఉంచకూడదు. ఎస్సై ఎంత తెలిసినవాడైనా కుర్రాడు లోపలికి అడుగుపెట్టగానే మొదట అడిగేది ఫోన్. అందులో ఎవరికెప్పుడు ఫోన్‌పే కొట్టాడో ఉంటుంది, ఎవరి చేత తెప్పించాడో ఉంటుంది. నలుగురి డబ్బులు పోగేసి ఒకడే పోయి తేవడం వీళ్లకు మామూలు. ఆ పోయి తెచ్చినవాడు మీ వాడే అయితే? అప్పుడు వాడు తాగేవాడు కాదు, తెచ్చి ఇచ్చేవాడు. 29వ సెక్షన్ అని కుట్రకూ, సాయం చేసినందుకూ ఇంకొకటి ఉంది. భయపెట్టమని మీరు పంపిస్తే, అవతల ఎస్సై బదిలీ అయిపోయి కొత్తాయన కూర్చుని ఉంటే, మీరే కేసు తయారుచేసి చేతికిచ్చినట్టు.

నాకు తెలిసిన ఒక కుటుంబం ఇదే చేసింది. ఊరు, స్టేషన్ చెప్పను. మేనమామే తీసుకెళ్లాడు. తెల్లారేసరికి కుర్రాడి అరచేతులు వాచాయి. తాగడం మాత్రం మానలేదు, ఇంటికి రావడం మానేశాడు. ఆ తల్లి ఇప్పటికీ మా ఇంటి ముందు నుంచి పోయేటప్పుడు తల తిప్పుకుని పోతుంది, ఆ రోజు నన్ను అడిగి, నా మాట వినకుండా పంపింది కాబట్టి.

సెంటర్ గురించి. మంచివి లేవని కాదు. కానీ ఫోన్ చేస్తే నలుగురొచ్చి ఎత్తుకుపోతామనేవాళ్లు, ఆ ఒక్క మాటతోనే తామేమిటో చెప్పేశారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తు మందుల వల్ల వచ్చే సమస్యల్నీ మానసిక రుగ్మతల కిందే లెక్కేసింది. దాని ప్రకారం ఇలాంటివాళ్లను చేర్చుకునే ప్రతి చోటుకూ రిజిస్ట్రేషన్ ఉండాలి. పంతొమ్మిదేళ్లవాడు మేజరు. వాడి ఇష్టం లేకుండా చేర్చాలంటే తల్లి సంతకం ఒక్కటే చాలదు. వాడికో, ఎదుటివాళ్లకో ప్రమాదం ఉందని మానసిక వైద్యుడూ, ఇంకొక నిపుణుడూ విడివిడిగా పరీక్షించి తేల్చాలి, అదీ మొదట ముప్ఫై రోజులకే. గొలుసులతో కట్టేయడం ఎట్టి పరిస్థితుల్లోనూ కుదరదు. ఆ సెంటర్ వాళ్లకు ఫోన్ చేసి మూడే అడగండి: రిజిస్ట్రేషన్ నంబరెంత, సైకియాట్రిస్టు ఏయే రోజుల్లో వస్తారు, నేను ఎప్పుడు కావాలంటే అప్పుడు వచ్చి పిల్లవాణ్ణి చూడొచ్చా. మూడో ప్రశ్నకు "నెల దాకా కుదరదమ్మా, అది మా పద్ధతి" అన్నారంటే ఫోన్ పెట్టేయండి. ఆ పద్దెనిమిది వేలు మీ మిషను మీద ఎన్ని బ్లౌజులో నాకంటే మీకే తెలుసు.

బెంగళూరు అక్కర్లేదు. కర్నూల్లో వెతుక్కోవాల్సింది అక్కడ గుమ్మం ముందుకొస్తుంది. పైగా చూసే కన్ను ఉండదు.

మీరు అడిగిన పెద్ద ప్రశ్న ఒకటుంది. ఇంత పట్టుకుంటున్నారే, ఎట్లా దొరుకుతోంది అని. మీరు తిట్టినట్టు అడిగారు కానీ, నిజానికి ప్రభుత్వం చేయలేదని అనలేం. గంజాయి ఎక్కువగా పండేది మన సీమలో కాదు, ఆంధ్రా ఒడిశా సరిహద్దు కొండల్లో. 2021 చివర్లో ఆపరేషన్ పరివర్తన అని మొదలుపెట్టి విశాఖ ఏజెన్సీలో వేల ఎకరాల పంట నరికేశారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర పట్టుకున్న సరుకు రెండు లక్షల కిలోలు ఒకేసారి పోగేసి తగలబెట్టారు, ఆ పొగ టీవీల్లో అందరూ చూశారు. 2024 చివర్లో ఈగల్ అని ప్రత్యేక దళం పెట్టారు, 1972 నంబరు ఇచ్చారు. దానికి అధిపతిగా వేసింది ఆకే రవికృష్ణను. మీ కర్నూలువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఇక్కడ ఎస్పీగా ఉన్నప్పుడు కప్పట్రాళ్లను దత్తత తీసుకున్నాయన. ఫ్యాక్షన్ ఊరిని కేసులతో మాత్రమే మార్చలేమని తెలిసిన మనిషి కాబట్టి నాకు ఆ నియామకం మీద కొంచెం ఆశ కూడా ఉంది.

కానీ గంజాయి నీళ్లలాంటిది, ఇక్కడ కట్ట వేస్తే పక్క నుంచి పారుతుంది. ఇటు నరికితే అటు ఒడిశా కొండల్లో వేశారు. అక్కడి నుంచి బెంగళూరుకో ముంబైకో పోవాలంటే రైళ్లున్నాయి, గుంతకల్లు జంక్షన్ ఉంది, హైదరాబాద్ నుంచి బెంగళూరు పోయే నలభై నాలుగో నంబరు హైవే మీ ఊరి మీదుగానే పోతుంది. లారీలో పోయే క్వింటాలు దొరుకుతుంది, ఫొటో వస్తుంది. బ్యాగులో బట్టల మధ్య వచ్చే రెండు కిలోలు దొరకవు. ఆ రెండు కిలోలే చిన్న చిన్న పొట్లాలై మీ వాడి కాలేజీ వెనక సందులోకి వస్తాయి.

కిలోలు పట్టడం లెక్కకు అందుతుంది. తూకం వేయొచ్చు, టేబుల్ మీద పేర్చి వెనక నిలబడొచ్చు. ఒక కుర్రాడు మానేశాడనేది తూకానికి రాదు. నా దృష్టిలో మన విధానానికి ఉన్న జబ్బు ఇదే. చట్టాన్ని చూసేది ఢిల్లీలో ఆర్థిక శాఖ, దాడులు హోం శాఖవి, మాన్పించే పథకం సామాజిక న్యాయ శాఖది, ఆసుపత్రి మంచం ఆరోగ్య శాఖది. నలుగురి వంటకు ఉప్పు ఎవరు వేశారో తెలియదన్నట్టు ఉంటుంది. 2020 ఆగస్టు 15న నషా ముక్త్ భారత్ అని కేంద్రం మొదలుపెట్టింది, ముందు 272 జిల్లాల్లో, తర్వాత అన్నిచోట్లా. ర్యాలీలు జరుగుతాయి, పిల్లల చేత ప్రతిజ్ఞలు చేయిస్తారు. మంచిదే. అయితే ఎయిమ్స్ వాళ్లు దేశమంతా చేసి 2019లో బయటపెట్టిన సర్వేలో ఒక మాట ఉంది: మాదకద్రవ్యాలకు బానిసైనవాళ్లలో ఎప్పుడైనా ఏదో ఒక సాయం అందింది ఇరవై మందిలో ఒక్కరికి. మిగిలిన పంతొమ్మిది మంది ఇళ్లలోనూ ఒక తమ్ముడు, ఒక సెంటర్, ఒక బెంగళూరు ఉండి ఉంటాయి.

పోలీసు నంబరు మీకు నాలుగు రోడ్ల కూడలిలో కూడా కనిపిస్తుంది. చికిత్స నంబరు 14446 అని ఒకటుందని మీలో ఎంతమందికి తెలుసు? ఇది సామాజిక న్యాయ శాఖ వాళ్లది, మత్తు మాన్పించే కేంద్రాలు మీకు దగ్గర్లో ఎక్కడున్నాయో చెబుతారు. ఆ శాఖ డబ్బుతో స్వచ్ఛంద సంస్థలు నడిపే కేంద్రాల్లో చికిత్సకు పైసా అడగకూడదు. రాత్రిపూట మనసు ఆగకపోతే 14416, టెలీ మానస్. తెలుగులోనే మాట్లాడతారు. ముందు మీరే మాట్లాడండి, తల్లులు కూడా చేయొచ్చు.

ఇక ఆసుపత్రి. నేను డాక్టర్‌ని కాను, కానీ పక్కింటి అబ్బాయితో ఒకసారి సర్వజన ఆసుపత్రికి పోయాను, అందుకని ఎట్లా ఉంటుందో చెబుతాను. పొద్దున తొమ్మిదికల్లా లైను ఉంది. ఓపీ చీటీ రాసేచోట "ఏ విభాగం?" అని అడిగితే వాళ్లమ్మ గొంతు పెగల్లేదు, పక్కన నలుగురు వింటున్నారని. ఆ అబ్బాయే గొణిగాడు, "మానసిక విభాగం" అని. లైన్లో ఎవరూ తల తిప్పి కూడా చూడలేదు, ఎవరి నొప్పి వాళ్లది. లోపల డాక్టరమ్మ చిన్నపిల్లలా ఉంది. మమ్మల్నిద్దర్నీ బయటికి పంపి తలుపు వేసింది. ఇరవై నిమిషాల తర్వాత పిలిచి, వాడి ముందే అడిగింది, "రోజుకు ఎన్ని అని అమ్మకు చెప్పావా?" అని. వాడు నేల చూస్తూ "ఐదు" అన్నాడు. వాళ్లమ్మ అప్పటిదాకా వారానికి ఒకటో రెండో అనుకుంటోంది. చేతిలో ఉన్న ప్లాస్టిక్ కవరు, అందులో వాటర్ బాటిలు, ఆధార్ జిరాక్సు, అట్లానే ఒళ్లో పెట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. డాక్టరమ్మ కూడా తొందరపెట్టలేదు.

మీకూ అలాంటి అంకె ఒకటి వినబడుతుంది. సిద్ధపడి పోండి. అక్కడ మాత్రం తిట్టొద్దు, ఏడవాలనిపిస్తే ఏడవండి.

గంజాయి మాన్పించడానికి ఇదీ అని ఒక మాత్ర లేదు. మాట్లాడి మాన్పించడమే ప్రధానం. నిద్రకో, ఆందోళనకో కొన్నాళ్లు మందులు ఇవ్వొచ్చు. మానేసిన ఒకటి రెండు రోజుల్లోనే చిరాకు మొదలవుతుంది, నిద్ర పట్టదు, ముద్ద దిగదు, చిన్న మాటకే మీద పడతాడు. మొదటి వారం గట్టిగా ఉంటుంది, రెండు మూడు వారాలకు తగ్గుతుంది. ఆ రోజుల్లో "మానేస్తానని చెప్పి మళ్లీ ఇదేం పొగరు" అని మీ తమ్ముడు గనక రంగంలోకి దిగితే పని చెడుతుంది. అది పొగరు కాదు, మానేసినందుకే వచ్చిన బాధ. వాడు మందు కూడా రోజూ తాగుతున్నాడా, మెడికల్ షాపులో మాత్రలు కొంటున్నాడా అన్నది డాక్టర్‌కు తప్పక తెలియాలి. రోజూ గట్టిగా తాగే మద్యాన్ని ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ రావొచ్చు. నిద్రమాత్రలదీ అదే కథ. వాటిని ఇంట్లో తాళం వేసి మాన్పించకూడదు.

ఒక్క విషయంలో మాత్రం సోమవారం దాకా కూడా ఆగొద్దు. ఎవరో తన గురించే మాట్లాడుకుంటున్నారని అనడం, లేని మాటలు వినబడటం, కిటికీలు మూసేయడం, నన్ను చంపేస్తారు అనడం, చచ్చిపోతాను అనడం, ఇవి ఉంటే అదే రోజు అత్యవసర విభాగానికి. చిన్న వయసులో ఎక్కువగా తాగేవాళ్లలో కొందరికి గంజాయి మతిని కదిలిస్తుంది.

ఇంకొకటి. ఆన్‌లైన్లో యూరిన్ టెస్ట్ కిట్లు దొరుకుతున్నాయని ఎవరైనా చెబుతారు. కొనొద్దు. రోజూ తాగినవాడి మూత్రంలో మానేసిన వారాల తర్వాత కూడా ఆనవాలు కనబడుతుంది. వాడు నిజంగానే పది రోజులుగా ముట్టుకోకపోయినా కిట్టు అబద్ధం చెప్పావంటుంది. మీరు దాన్ని నమ్ముతారు, వాడు మిమ్మల్ని నమ్మడం మానేస్తాడు.

పేరు పోలీసులకు పోతుందనే భయం వదిలేయండి. చికిత్స వివరాలు గోప్యంగా ఉంచడం రోగి హక్కని పైన చెప్పిన 2017 చట్టంలోనే ఉంది. గంజాయి తాగుతున్నానని ఓపీకి వచ్చినవాళ్ల జాబితా స్టేషన్‌కు పంపే పద్ధతి లేదు. ఉద్యోగం వచ్చినప్పుడు పోలీసులు వెరిఫికేషన్‌లో చూసేది కేసులు. అంటే ఉద్యోగానికి అడ్డం పడేది మీ తమ్ముడి ఉపాయమే కానీ ఆసుపత్రి కాదు.

ఒకవేళ మీ ప్రయత్నాలన్నిటికీ ముందే పోలీసులు వాణ్ణి రోడ్డు మీద ఆపితే? పరుగు తీయొద్దని చెప్పండి. ఒంటి మీద సోదా చేసేముందు గెజిటెడ్ అధికారి ముందో, మేజిస్ట్రేట్ ముందో చేయించుకునే హక్కు వాడికి ఉంది, ఆ సంగతి వాళ్లే వాడికి చెప్పాలి. 50వ సెక్షన్ ఇది. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టొద్దు. లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా ఇస్తుంది, 15100కు చేయండి. ఓపీ చీటీ జిరాక్సు ఒకటి ఆ లాయరు చేతిలో పెట్టండి.

డబ్బు సంగతి మీరు గమనించినంత బాగా ఎవరూ గమనించలేరు. రెండొందలు పోతున్నాయని బాధపడుతున్నారు, నేనైతే ఇంకొక దానికి భయపడతాను. ఒకరోజు డబ్బు పోవడం ఆగిపోయి, అడక్కుండానే వాడి చేతిలో డబ్బు ఆడుతుంటే అప్పుడు ఉలిక్కిపడండి. తన పొట్లం ఖర్చు రాబట్టుకోవడానికి ఇంకో నలుగురికి పొట్లాలు చేర్చే దశ అది. పట్టుబడే పిల్లల్లో చాలామంది ఈ మెట్టు మీదే పట్టుబడతారు. అమ్ముతూ దొరికినవాణ్ణి రోగి అని జాలిపడేవాళ్లు కోర్టులోనూ తక్కువే. పార్శిలు ఇచ్చిరమ్మని ఎవరైనా బండి ఇస్తే తీసుకోవద్దని, ఆ ఒక్కటైనా వాడితో ఒట్టు వేయించుకోండి.

స్నేహితుల గురించి మీరు రాసింది చదివి నవ్వొచ్చింది, కోప్పడకండి. గంజాయి వనంలో తులసి మొక్క అన్నట్టు, మీ వాడు మంచివాడే, ఆ ఇద్దరే చెడగొట్టారన్నట్టుంది మీ ఉత్తరం. ఆ ఇద్దరి తల్లులూ ఈపాటికి మీ వాడి గురించి అదే అనుకుంటూ ఉంటారు. వీలైతే ఒకసారి వాళ్లింటికి పోండి. పోట్లాటకు కాదు. ముగ్గురు పిల్లలూ ఒకేచోట కొంటున్నారు కాబట్టి, ఎక్కడ కొంటున్నారో ముగ్గురు తల్లులకు కలిపి తెలిసినంత ఈగల్‌కు కూడా తెలియకపోవచ్చు.

అది తెలిశాక చేయండి 1972కు. మీ వాడి పేరు కాదు, అమ్మేవాడి సంగతి. ఏ సందు, ఏ టైము, ఏ బండి. మీ పేరు చెప్పక్కర్లేదు. సమాచారం ఎవరిచ్చారో చెప్పమని అధికారుల్ని కోర్టు కూడా బలవంతపెట్టకూడదని 68వ సెక్షన్ ఉంది. పద్దెనిమిది నిండని పిల్లలకు అమ్ముతున్నాడని తెలిస్తే అది కూడా చెప్పండి, జువెనైల్ జస్టిస్ చట్టం కింద దానికి విడిగా ఏడేళ్ల దాకా జైలుంది. మీ తమ్ముడికి ఆ ఎస్సైతో అంత చనువుంటే, ఈ పనికి వాడుకోమనండి.

సోమవారం పోయేటప్పుడు ఆధార్, ఒక నోటుబుక్, రెండు వాటర్ బాటిళ్లు. పొద్దున్నే వాడికి ఉగ్గానో ఏదో పెట్టే తీసుకెళ్లండి, లైన్లో మధ్యాహ్నం అయిపోతుంది, ఆకలితో ఉన్నవాడు లేచి వెళ్లిపోతాడు. మీ ఆయన్ను కూడా రమ్మనండి, ఒక్క ట్రిప్పు పోతే పోనీయమనండి. డాక్టరు మళ్లీ రమ్మని తేదీ ఇస్తారు. ఇంటికి రాగానే గోడ మీది క్యాలెండర్లో ఆ తేదీ చుట్టూ గీత గీయండి. పెన్ను వాడి చేతికివ్వండి.